మేస్త్రీ నోటుబుక్కు ఫోన్లోకి ఎక్కితే



పోయిన వారం మా కాలేజీ కంప్యూటర్స్ పిల్లలు నలుగురు స్టాఫ్‌రూముకి వచ్చారు. ఏదో పోటీకి యాప్ తయారుచేస్తున్నారట. పాలీహౌసుల్లో, షేడ్‌నెట్ల కింద పనిచేసే కూలీల కోసం. తెలుగు మాటలు సరిచూడమని నా దగ్గరికొచ్చారు. "మేడమ్, వర్కర్ ప్రొడక్టివిటీ స్కోరుని తెలుగులో ఏమంటారండి?" అని అడిగాడొకడు.

తెలుగు సాహిత్యంలో డాక్టరేట్ ఉన్న నాకు వెంటనే మాట దొరకలేదు. దొరక్కపోవడమే మంచిదైంది. ముందు యాప్ మొత్తం చూపించమన్నాను.

గేటు దగ్గర మొహం చూపిస్తే హాజరు పడుతుంది. గంటకి ఎన్ని కవర్లు నింపిందో మేస్త్రీ నొక్కుతాడు. షెడ్డులోంచి బయటికెళ్లి ఎన్ని నిమిషాలకి తిరిగొచ్చిందో అదే రాసుకుంటుంది. సాయంత్రానికి మనిషికి పదికి ఇన్నని మార్కులు. ఐదు రాకపోతే పేరు ఎర్రగా కనబడుతుంది. ఇదంతా చూసేది ఓనరు. మరి కూలీ ఫోన్లో ఏం కనబడుతుందిరా అంటే, "నోటిఫికేషన్ వెళ్తుంది మేడమ్" అన్నారు. రేపు పనికి రావాలో అక్కర్లేదో చెప్పే నోటిఫికేషన్.

ఆ నలుగురిలో ఇద్దరు మన పేట పిల్లలే. ఒకడి తల్లి నర్సరీ పనికెళ్తుంది. కూలీ కోసం అన్నదాన్ని కూలీ మీద నిఘాగా మార్చే చదువు వాళ్లకెక్కడ అబ్బిందా అని కోపమొచ్చింది. ఆ చదువు చెప్పేవాళ్లలో నేనూ ఉన్నాను, అది వేరే బాధ.

కడియపులంక, బుర్రిలంక, వేమగిరి వైపు వెళ్లినప్పుడు పూలు చూసి ఆగి ఫోటోలు దిగుతారు కదా. ఆ మొక్క నిలబడ్డ కవరులో మట్టీ ఎరువూ కలిపి కూరిన చెయ్యి ఒకటుంటుంది. మా పిన్ని ఇరవై ఏళ్లుగా ఆ పనే చేస్తోంది. ఆవిడ మనసులో ఒక లెక్క ఉంటుంది, మేస్త్రీ జేబులో నోటుబుక్కులో ఇంకో లెక్క ఉంటుంది. డబ్బులిచ్చే రోజు గెలిచేది నోటుబుక్కే. చిరిగినవి, ఒరిగినవి, సరిగ్గా కూరలేదన్నవి తీసేస్తారు. తీసేసిన కవర్లలో కూడా తర్వాత మొక్కలు బాగానే పెరుగుతాయి. ఒకసారి అడ్వాన్సు తీరిపోయిందని పిన్ని, ఇంకా ఉందని వాళ్లు. పుస్తకం చూపించమంటే "నీకు చదువొచ్చేంటి?" అన్నారు. ఆవిడకి రాదు. నాకొచ్చు. నేను వెళ్లి అడిగితే మర్నాటి నుంచి పిన్నికి పనుండదు. వెళ్లలేదు.

ఇప్పుడా నోటుబుక్కు క్లౌడులోకి వెళ్తుంది. ఇంక చూపించమని అడగడానికి జేబు కూడా ఉండదు.

ఇంకో సంగతి. మట్టిలో నానిన ఆ వేళ్లకి రేషను మిషను దగ్గరే ముద్ర పడదు. మందు వాసనకి మొహానికి తువ్వాలు చుట్టుకుంటారు. మీ కెమెరాకి మొహం కావాలంటే తువ్వాలు తియ్యాలి. షెడ్డులో గాలాడదు, మొక్క కోసం పెట్టిన ఉక్కపోత మనిషికీ పెట్టినట్టే. పురుగుమందు డబ్బా మీద రంగుల గుర్తుంటుంది చూడండి, 1971 ఇన్సెక్టిసైడ్స్ రూల్స్ పెట్టించినది. ఎరుపైతే అన్నిటికన్నా విషం, తర్వాత పసుపు, నీలం, ఆకుపచ్చ. అక్షరం రానివాళ్లకి కూడా తెలిసే గుర్తు అది. పిన్ని ఆ డబ్బా ఎప్పుడూ చూడలేదు. కలిపేది వేరేచోట. ఆవిడకి తెలిసేది వాసన ఒక్కటే. మీ యాప్ నిమిషాలు లెక్కపెట్టే ఆ "బయటికెళ్లడం" ఒక్కోరోజు వాంతి చేసుకోడానికి వెళ్లడం.

పిల్లల అమాయకత్వం అని వదిలేద్దామా? ప్రభుత్వం చేసిందీ ఇదే. ఉపాధి హామీలో ఎన్‌ఎంఎంఎస్ యాప్ 2021 మేలో మొదలై, 2023 జనవరి 1 నుంచి తప్పనిసరైంది. రోజుకి రెండు ఫోటోలు, టైముతో, లొకేషనుతో. ఫోటో ఎక్కకపోతే చేసిన పని చెయ్యనట్టే. దొంగ హాజర్లు ఆపడానికన్నారు. 2025 జూలైలో కేంద్ర గ్రామీణాభివృద్ధి శాఖే సర్క్యులరు ఇచ్చుకుంది, సంబంధం లేని ఫోటోలు ఎక్కిస్తున్నారనీ, ఫోటోకే ఫోటో తీస్తున్నారనీ. దొంగలెక్క రాసేవాడికి దారి దొరికింది. పని అయిపోయినా రెండో ఫోటో కోసం ఎండలో కూర్చున్న ముసలామెకి దొరకలేదు.

అదే పథకంలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2006 నుంచి సోషల్ ఆడిట్ చేశారు. మస్తరు తెచ్చి ఊరందరి ముందు పేరుపేరునా చదివితే, "నేనన్నిరోజులు పన్చెయ్యలేదండీ, ఆ డబ్బు ఎవరు తిన్నారు?" అని మనవాళ్లు లేచి అడగగలిగేవారు. మస్తరు ఊరి నోట్లోకి రావడం ఒక పద్ధతి, పైవాడి స్క్రీను మీదికి పోవడం ఇంకో పద్ధతి. రెండిటికీ కంప్యూటరు వాడొచ్చు.

డేటాకి కులం ఉండదు మేడమ్ అన్నాడొక పిల్లాడు. 2021లో కేంద్రం ఉపాధి కూలీ చెల్లింపుల్ని ఎస్సీ, ఎస్టీ, ఇతరులు అని మూడుగా విడగొట్టమంది. పక్కపక్కన తట్టలు మోసినవాళ్లలో ఒకరికి డబ్బులు ముందు, ఇంకొకరికి వెనక పడ్డాయి. కూలీల మధ్య తగువులయ్యాయి. తర్వాత ఎత్తేశారు. ఆ తగువులకి ఒక్క కాలమ్ చాలింది. మీ "స్కోరు" కాలమ్ ఏ పేటలో ఎర్రగా వెలుగుతుందో చెప్పడానికి నాకు జ్యోతిషం అక్కర్లేదు.

గరిమెళ్ళ తెల్లదొరతనం వద్దని పాడిన రోజుల్లోనే, 1921లో, మన రాజమండ్రి కుసుమ ధర్మన్న నల్లదొరతనం కూడా వద్దన్నాడు. జెండా మారినంత మాత్రాన పాలేరు లెక్క మారదని ఆయనకి తెలుసు. దొర చేతి పుస్తకం టచ్‌స్క్రీను అయినంత మాత్రాన మారుతుందా?

టెక్నాలజీ వద్దంటున్నానని కామెంట్లలో మొదలుపెట్టకండి. ఛత్తీస్‌గఢ్‌లో సీజీనెట్ స్వర 2010 నుంచి మామూలు ఫోనుతోనే ఆదివాసుల మాటని నమోదు చేసింది, వాళ్ల భాషలోనే. ఫ్లోరిడా టమాటా తోటల్లో ఇమ్మోకలీ కార్మికులు పోరాడి తెచ్చుకున్న ఏర్పాటులో ఇరవైనాలుగు గంటల ఫిర్యాదు ఫోనుంది. ఇటు కెంటకీలో పెట్టుబడి కుమ్మరించి కట్టిన యాప్‌హార్వెస్ట్ గాజుషెడ్లలో లోపలి వేడి తట్టుకోలేకపోయామని కూలీలు చెప్పినట్టు పత్రికల్లో వచ్చింది. ఆ కంపెనీ 2023లో దివాలా తీసింది.

అందుకని పిల్లలకి చెప్పాను. మొహం పీకెయ్యండి, మార్కులు పీకెయ్యండి. మట్టి చేతులకి టచ్ పనిచెయ్యదు, ఇంట్లో ఉన్న ఒక్క స్మార్ట్‌ఫోనూ కొడుకు చేతిలో ఉంటుంది. మిస్డ్ కాల్ ఇస్తే తిరిగి మోగాలి. "ఇవాళ ఆరొందల కవర్లు, ఏడింటి నుంచి ఐదింటిదాకా, మధ్యలో మందు కొట్టారు" అని ఆవిడ గొంతుతో చెప్పాలి. అడ్వాన్సు ఎంత తీరిందో అడిగితే వినిపించాలి. డబ్బా మీద రంగేంటో చూసి చెప్పే హక్కు ఉండాలి. ఆ లెక్క ఓనరుకి కాకుండా కూలీల సంఘానికి చేరాలి. ఒక్కొక్కరి పేరు బయటికి రాకుండా గుంపు లెక్కగా మాట్లాడాలి, లేకపోతే మర్నాడే పని పోతుంది. సంఘం లేనిచోట ఈ యాప్ దేనికీ పనికిరాదు. అది కట్టడం కోడింగుతో అయ్యేది కాదు, మన పని.

"అలాగైతే ప్రైజ్ రాదండి మేడమ్, కొనేవాళ్లు ఓనర్లే కదండీ" అన్నాడు తల్లి నర్సరీకి వెళ్లే పిల్లాడు. నిజమే చెప్పాడు. కాసేపు ఎవరం మాట్లాడలేదు.

వచ్చే ఆదివారం సాయంత్రం వాళ్లు మా పిన్ని ఇంటికి వస్తున్నారు. ల్యాప్‌టాప్‌లు తేవద్దన్నాను. ఆ పిల్లాడు వాళ్లమ్మని కూడా తీసుకొస్తానన్నాడు. కడియం వైపు ఈ పని తెలిసినవాళ్లు, పేటల్లో పనిచేసే మన కుర్రాళ్లు ఎవరైనా రావాలనుకుంటే ఇన్‌బాక్స్ చెయ్యండి.