పాఠం చౌక, పరిచయం ఖరీదు

హైదరాబాద్ ఐటీ కేంద్రమైన సైబరాబాద్ విజయాన్ని భవనాల లెక్కలో, ఎగుమతుల లెక్కలో చెప్పుకోవడం అలవాటుగా మారింది. 1998 నవంబరులో అప్పటి ప్రధాని అటల్ బిహారీ వాజ్‌పేయి మాదాపూర్‌లో సైబర్ టవర్స్‌ను ప్రారంభించిన తరువాత పావు శతాబ్దంలో, అంటే 2022-23 నాటికి, తెలంగాణ ఐటీ ఎగుమతులు రూ.2,41,275 కోట్లకు, ఆ రంగంలోని ఉద్యోగుల సంఖ్య 9,05,715కు చేరాయని ప్రభుత్వ నివేదిక చెబుతోంది. అయితే ఇంతమందికి ఆ పనిలో నేర్పు ఎక్కడ అబ్బింది, దాని ఖర్చు ఎవరు భరించారు, ఎవరికి అది అందకుండా పోయింది అన్న ప్రశ్నలకు ఈ లెక్కల్లో జవాబు దొరకదు.

చదువుపైనా శిక్షణపైనా పెట్టే ఖర్చు, యంత్రంపై పెట్టే మదుపులాగే, భవిష్యత్తులో ఆదాయాన్నిస్తుందన్న 'మానవ పెట్టుబడి' భావనను 1960వ దశకంలో థియోడర్ షుల్ట్జ్, గ్యారీ బెకర్ అర్థశాస్త్రంలో స్థిరపరిచారు. శిక్షణను బెకర్ రెండు రకాలుగా విడదీశాడు. ఒక్క సంస్థలోనే పనికివచ్చే నేర్పు కోసం ఆ సంస్థ ఖర్చు పెడుతుంది. ఎక్కడైనా చెల్లుబాటయ్యే నేర్పును సొంత ఖర్చుతో అందించడానికి మాత్రం యజమాని వెనకాడతాడు, నేర్చుకున్న మనిషి మర్నాడే పక్క కంపెనీకి వెళ్లిపోవచ్చు గనుక. అప్పుడు ఆ భారం నేర్చుకునేవారి మీదే పడుతుంది. హైదరాబాద్‌లో అమీర్‌పేట ఐటీ శిక్షణ కేంద్రాల అడ్డాగా ఎందుకు మారిందో చెప్పడానికి ఇంతకంటే సూటి వివరణ అక్కరలేదు.

ఇంజినీరింగ్ కాలేజీ సిలబస్‌కూ కంపెనీ అవసరానికీ మధ్య ఉన్న ఖాళీని అక్కడి మైత్రీవనం, ఆదిత్య ఎన్‌క్లేవ్ పరిసరాల శిక్షణ కేంద్రాలు నింపాయి. కొత్త బ్యాచ్‌ల ఫ్లెక్సీలు, ఉచిత డెమో క్లాసు, తెలుగూ ఇంగ్లిషూ కలగలిసిన బోధన, జిరాక్స్ షాపులో దొరికే నోట్సు, ఎస్సార్ నగర్ హాస్టల్ గదుల్లో రాత్రి పొద్దుపోయేదాకా సాగే మాక్ ఇంటర్వ్యూలు, ఇవన్నీ కలిసి ఏ విశ్వవిద్యాలయ చట్టం కిందా ఏర్పడని ఒక విద్యావ్యవస్థ అయ్యాయి. గచ్చిబౌలిలో ఉదయం ఇంటర్వ్యూలో అడిగిన ప్రశ్న సాయంత్రానికి హాస్టల్ గదికి చేరి, కొద్ది రోజుల్లోనే బ్యాచ్ పాఠంలో చోటు సంపాదించుకునేది. ఈ వ్యవస్థకు పెట్టుబడి ఎక్కడి నుంచి వచ్చిందో మానవశాస్త్రవేత్త షియాంగ్ బియావ్ 2007లో వెలువరించిన 'గ్లోబల్ బాడీ షాపింగ్' గ్రంథంలో వివరించాడు. హైదరాబాద్ నుంచి సిడ్నీ దాకా సాగిన ఐటీ శ్రామికుల సరఫరా వెనుక తెలుగు కుటుంబాల వ్యవసాయ మిగులు, కట్నం సొమ్ము ఉన్నాయని చూపాడు.

ఇలా గురువు, తోటివారు, సీనియర్లు, పనిచోటు అన్నీ ముడిపడి సాగే చదువునే అనుసంధానిత అభ్యసనం అంటారు. ఈ ఆలోచనకు తొలి రూపాల్లో ఒకదాన్ని 1971లో తాత్వికుడు ఇవాన్ ఇలిచ్ ఇచ్చాడు. నేర్చుకునేవారికి నాలుగు రకాల వలలు కావాలని అతడు ప్రతిపాదించాడు: పుస్తకాలు, పరికరాల వంటి సామగ్రిని అందించేది ఒకటి, నేర్పు తెలిసినవారిని చూపించేది రెండోది, అదే విషయం నేర్చుకునే తోటివారిని కలిపేది మూడోది, అనుభవజ్ఞులైన మార్గదర్శకుల దగ్గరికి చేర్చేది నాలుగోది. డిజిటల్ యుగం పూర్తిగా తీర్చింది మొదటి అవసరాన్నే. 2003లో మొదలైన ఎన్‌పీటీఈఎల్ వీడియో పాఠాలు, 2017లో వచ్చిన స్వయం ఆన్‌లైన్ వేదిక, రాష్ట్ర ప్రభుత్వ టీశాట్ విద్యా ఛానెళ్లు ఆసిఫాబాద్ విద్యార్థికీ కొండాపూర్ విద్యార్థికీ సమానంగా అందుతాయి. మిగిలిన మూడూ మాత్రం ఇంకా హైదరాబాద్ ఐటీ కారిడార్ చుట్టూనే తిరుగుతున్నాయి.

అసలు అసమానత ఇక్కడే ఉంది. ఉద్యోగ సమాచారం ఆప్తుల కంటే ముఖపరిచయస్తుల ద్వారానే ఎక్కువగా అందుతుందని 1973లో సామాజిక శాస్త్రవేత్త మార్క్ గ్రానోవెటర్ వాదించాడు, ఆప్తులకు తెలిసింది మనకూ తెలిసే ఉంటుంది గనుక. కంపెనీలు ఉద్యోగుల సిఫారసుతో, అంటే రిఫరల్‌తో, అభ్యర్థులను తీసుకునే పద్ధతి ఈ వాదనకు నిత్య నిదర్శనం. బంధువుల్లో, కాలేజీ సీనియర్లలో నలుగురు ఐటీలో ఉన్న యువతికి రెజ్యూమె దిద్దిపెట్టేవారూ, ఏది నేర్చుకోవాలో, ఏది వదిలేయాలో చెప్పేవారూ ఉంటారు. ఫీజు రీయింబర్స్‌మెంట్ ఆసరాతో ఇంట్లో తొలిసారి ఇంజినీరైన యువతికి డిగ్రీ దక్కింది గాని ఆ నలుగురు దక్కలేదు. ఇద్దరూ చూసిన వీడియో పాఠం ఒక్కటే అయినా ఇద్దరి మానవ పెట్టుబడి ఒక్కటి కాదు.

ప్రతిభ ఉంటే ఆన్‌లైన్ పరిచయాలు వాటంతటవే ఏర్పడతాయనీ, మిగతాది మార్కెట్ చూసుకుంటుందనీ వాదించేవారున్నారు. ఆ వాదనలో కొంత నిజం లేకపోలేదు. కానీ పని నేర్చుకునేది ప్రధానంగా పనివారి పక్కన చేరి, చిన్న పనులతో మొదలుపెట్టి క్రమంగా పెద్ద పనుల్లోకి ఎదగడం ద్వారానేనని పరిశోధకులు జీన్ లేవ్, ఎటియెన్ వెంగర్ 1991లోనే చూపారు. ఫ్రెషర్లకు అప్పగించే ఆ చిన్న పనుల్లో, అంటే టెస్టింగ్, బగ్గుల సవరణ, డాక్యుమెంటేషన్ వంటివాటిలో, కొంత భాగం ఇప్పుడు కృత్రిమ మేధ చేతికి వెళుతోంది. నిచ్చెనలో కింది మెట్టు సన్నబడుతున్నప్పుడు, పైనుంచి చేయి అందించే మనిషి లేనివారే ముందుగా జారిపోతారు.

కాబట్టి ప్రభుత్వ వ్యయం దిశ మారాలి. తెలంగాణ నైపుణ్య, విజ్ఞాన అకాడమీ టాస్క్‌నైనా, 2024 చట్టంతో ఏర్పడిన యంగ్ ఇండియా స్కిల్స్ యూనివర్సిటీనైనా జారీచేసిన సర్టిఫికెట్ల సంఖ్యతో కాక, విద్యార్థి అనుభవజ్ఞుడి పర్యవేక్షణలో నిజమైన ప్రాజెక్టుపై గడిపిన గంటలతో అంచనా వేయాలి. 30 మంది, అంతకు మించి సిబ్బంది ఉన్న సంస్థలు 2.5 నుంచి 15 శాతం దాకా అప్రెంటిస్‌లను తీసుకోవాలని నిబంధనలు ఇప్పటికే చెబుతున్నాయి. ఆ కోటాలో జిల్లా కాలేజీల విద్యార్థులకు నిర్దిష్ట వాటా దక్కేలా ప్రభుత్వం ఐటీ సంస్థలను ఒప్పించాలి. 2003లో మొదలైన తెలుగు వికీపీడియా, అలాగే 'స్వేచ్ఛ' వంటి స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ సంఘాలు చూపినట్లు, తెలుగులో అడిగి తెలుగులో జవాబు పొందే సమష్టి అభ్యసనం సాధ్యమే. ఉచిత పాఠాలు ఇప్పటికే కావలసినన్ని ఉన్నాయి. ప్రజాధనం ఇకపై ఖర్చు కావలసింది ఆ పాఠం చదివిన విద్యార్థిని, ఆ పని తెలిసిన మనిషి ఎదుట కూర్చోబెట్టడానికే.