‘పనులన్నీ అయ్యాక’ అనే గంట

‘ఇంటిపనులు చకచకా ముగించుకోండి, మిగిలిన సమయం పిల్లలతో హాయిగా గడపండి.’ వారపత్రికల్లో, యూట్యూబ్ వీడియోల్లో, ఆఖరికి మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో కూడా మనలాంటి వాళ్ళకు దొరికే సలహా ఇదే. దానికి తోడు చిట్కాలు: రాత్రే కూరగాయలు తరిగి పెట్టుకోండి, అల్లం వెల్లుల్లి ముద్ద వారానికి సరిపడా నూరుకోండి, ఐదింటికే లేవండి. చిట్కాలతో నాకు పేచీ లేదు. రాత్రే బెండకాయలు కడిగి గుడ్డ మీద ఆరబెట్టే మనిషినే నేనూ. నా పేచీ అంతా ఆ ‘మిగిలిన సమయం’ తోనే.

ఇంటిపని ముగుస్తుందని ఎవరు చెప్పారండీ? పదింటికి సింకు ఖాళీ చేస్తే పదకొండింటికల్లా కాఫీ గ్లాసులు వచ్చి కూర్చుంటాయి. ఉతికిన బట్టలు మడతపెట్టి బీరువాలో సర్దే సరికి ఒంటిమీద ఉన్నవి మాసిపోతాయి. ‘ఇల్లలకగానే పండగ కాదు’ అన్నారు పెద్దలు. పి. సత్యవతి గారి ‘ఇల్లలకగానే’ కథ మీలో చాలామంది చదివే ఉంటారు. ఇల్లు అలుకుతూ అలుకుతూ తన పేరే మర్చిపోయిన ఇల్లాలి కథ. డిగ్రీలో తెలుగు చదివే రోజుల్లో అది చదివి, పేరు ఎలా మర్చిపోతారే అని స్నేహితురాళ్ళం తెగ నవ్వుకున్నాం. పెళ్ళయిన పదేళ్ళకు మళ్ళీ చదివితే నవ్వు రాలేదు. అప్పటికి నన్ను పేరుపెట్టి పిలిచేది మా అమ్మ, బ్యాంకులో కౌంటరు దగ్గర అమ్మాయి, అంతే.

అందుకే నేననేది ఏమిటంటే, పని అయ్యాక కుటుంబం అని ఎదురుచూస్తే ఆ గంట ఎప్పటికీ రాదు. పనిలో కొంత ఇంట్లో వాళ్ళకు పూర్తిగా అప్పగించాలి. కొంత నలుగురూ కలిసి చేసేదిగా ఉంచుకోవాలి. ‘పూర్తిగా’ అన్నమాట కావాలనే వాడాను. దాని సంగతి చెబుతాను.

2021 జనవరిలో సుప్రీంకోర్టు ఒక తీర్పు ఇచ్చింది. ఢిల్లీలో రోడ్డు ప్రమాదంలో చనిపోయిన భార్యాభర్తల కేసు అది. ఉద్యోగం లేని ఇల్లాలి పనికి విలువ ఎలా కట్టాలన్న ప్రశ్న అందులో వచ్చింది. జస్టిస్ ఎన్.వి. రమణ గారు, మన ఉమ్మడి కృష్ణా జిల్లా వారే, విడిగా రాసిన అభిప్రాయంలో 2019లో కేంద్రం జరిపించిన సమయ వినియోగ సర్వేను ప్రస్తావించారు. ఇంటిపని మీద ఆడవాళ్ళు రోజుకు సగటున 299 నిమిషాలు, మగవాళ్ళు 97 నిమిషాలు ఖర్చుపెడుతున్నారట. అంటే మనం ఐదు గంటలకు ఒక్క నిమిషం తక్కువ, వాళ్ళు గంటన్నర దాటి ఏడు నిమిషాలు. ఆ 97 నిమిషాలైనా మగవాళ్ళందరివీ కావు. ఆ రోజు ఇంట్లో ఏదో ఒక పని ముట్టుకున్న మగవాళ్ళ సగటు మాత్రమే. అలా ముట్టుకున్నవాళ్ళు నూటికి 26 మంది.

ఈ అంకెలు చూసి మావారు కాస్త నొచ్చుకున్నారు. నేను మాత్రం, ఆ 299 కూడా తక్కువే అన్నాను. ఎందుకంటే సర్వేవాళ్ళు చేసిన పనినే లెక్కపెట్టగలరు, గుర్తుపెట్టుకున్న పనిని కాదు.

ఇడ్లీ సంగతే చూడండి. మంగళవారం పొద్దున్న ఏడింటికి ఇడ్లీ ప్లేట్లో ఉండాలంటే సోమవారం రాత్రికి పిండి రుబ్బి మూతపెట్టాలి. దానికి మధ్యాహ్నానికే మినప్పప్పు నానబెట్టాలి. ఒకటికి రెండు కొలత రవ్వ విడిగా తడపాలి. మినప్పప్పు డబ్బాలో ఉందో లేదో ఆదివారమే చూసుకుని ఉండాలి. చలికాలమైతే పిండి పొంగదు కాబట్టి ఇంకా ముందే రుబ్బాలి. వేసవిలో పులిసిపోతుంది కాబట్టి ఫ్రిజ్‌లో ఎప్పుడు పెట్టాలో కనిపెట్టుకుని ఉండాలి. అంటే మంగళవారం ఇడ్లీ ఆదివారం నుంచి ఒకరి బుర్రలో ఉడుకుతూ ఉంటుంది. ఇలాంటివి ఇంకా ఎన్నో! గ్యాస్ బండ ఎప్పుడు మార్చాం, పనిమనిషి ఏ రోజు రానంది, అత్తయ్య బీపీ మాత్రలు ఎన్ని మిగిలాయి, అమ్మాయి స్కూల్లో చార్టు ఎప్పటికి ఇవ్వాలి. పిల్ల పక్కన కూర్చుని కథ చెబుతున్నా ఈ చిట్టా లోపల తిరుగుతూనే ఉంటుంది. మనిషి అక్కడ, మనసు మినప్పప్పు దగ్గర. పిల్లలకు అది తెలిసిపోతుంది కూడా.

అలాంటప్పుడు ‘ఏం చెయ్యాలో చెప్పు, చేసిపెడతాను’ అనే భర్త మంచివాడే గానీ, ఆ చెప్పడమే అసలు బరువని ఆయనకు తెలియదు. ఉల్లిపాయలు తెమ్మంటే తెస్తారు. ఉల్లిపాయలు అయిపోతున్నాయని కనిపెట్టే పని మాత్రం మనదే. ‘సాయం’ అనే మాట నాకు అందుకే నచ్చదు. ఇల్లు నాది, మీరు కూలికి వచ్చారా సాయం చెయ్యడానికి?

మా ఇంట్లో ఇప్పుడు పిండి మావారిది. పప్పు కొనడం, నానబెట్టడం, గ్రైండరు వెయ్యడం, కడగడం, ఫ్రిజ్‌లో పెట్టడం, అన్నీ. నాకు దాంతో సంబంధం లేదు. మొదటి నెలలో ఒకసారి ఇడ్లీలు రాళ్ళలా వచ్చాయి, ఒక సోమవారం అసలు పిండే లేదు. మధ్యాహ్నం డబ్బా వైపు చూసినప్పుడే నాకు తెలుసు ఆ రోజు పప్పు నానలేదని. ఫోన్ చేసి గుర్తుచెయ్యలేదు. పొద్దున్నే ఆయనే ఉప్మా చేశారు, కొంచెం ఉండలు కట్టింది, నోరెత్తకుండా తిన్నాం. చాలా ఇళ్ళల్లో పని అప్పగించడం ఎక్కడ చెడుతుందంటే సరిగ్గా ఇక్కడే. అప్పగిస్తాం, మళ్ళీ వెనకాలే నిలబడి గుర్తుచేస్తాం. ఇక అది ఎన్నటికీ వాళ్ళ పని కాదు. ఒకపూట ఉప్మాతో ఎవరూ చిక్కిపోరు.

ఇక పిల్లల విషయం. ఇక్కడే నాకూ మా చుట్టాలకూ పెద్ద తేడా వచ్చింది.

మావాడు ఇంటర్ రెండో ఏడు, ఎంపీసీ. రాత్రి అన్నాలయ్యాక సింకులో ఉన్న గిన్నెలు వాడివి. ఇరవై నిమిషాల పని. మేముండేది విజయవాడలో. ఇక్కడ ఇంటర్ చదివే పిల్లలున్న ఇల్లంటే తెలుసుగా, దాదాపు ఆసుపత్రి వార్డులాగే. టీవీ పెట్టరు, చుట్టాల్ని పిలవరు, పిల్లవాడి చేతికి మంచినీళ్ళ గ్లాసు కూడా అందిస్తారు. అలాంటి ఊళ్ళో నేను వాడి చేత అంట్లు తోమిస్తున్నానని తెలిసి మా ఆడపడుచు ఫోన్ చేసింది. ‘ఏంటి వదినా, ఆ ఇరవై నిమిషాలు కెమిస్ట్రీ చదువుకుంటాడు కదా’ అంది. మా అత్తయ్యగారైతే, ‘మగపిల్లాడు అంట్ల దగ్గర నిలబడ్డం మా ఇంటా వంటా లేదమ్మా’ అన్నారు. ఆవిడ కోపంగా అనలేదు, నిజంగానే బాధపడ్డారు.

నా లెక్క వేరు. వాడు పొద్దున్న ఆరున్నరకు వెళ్ళి రాత్రి ఎనిమిదింటికి వస్తాడు. ఎదురుగా కూర్చోబెట్టి ‘కాలేజీలో ఏం జరిగింది నాన్నా’ అని అడిగితే ‘ఏం లేదు’ అంటాడు. పదిహేడేళ్ళ పిల్లలు కళ్ళలోకి చూసి మాట్లాడరు. చేతులు పనిలో ఉండాలి, చూపు గిన్నె మీద ఉండాలి, కుళాయి చప్పుడు కొంచెం అడ్డం ఉండాలి, అప్పుడు వస్తాయి మాటలు. పోయిన సెప్టెంబరులో ఒక రాత్రి వాడు తోముతున్నాడు, నేను పక్కన నిలబడి తుడిచి బోర్లిస్తున్నాను. కుక్కరు మూత రుద్దుతూ రుద్దుతూ, ‘నన్ను కింది సెక్షన్‌లో వేశారమ్మా’ అన్నాడు. వారం వారం పెట్టే పరీక్షల ర్యాంకులను బట్టి సెక్షన్లు మారుస్తారు వాళ్ళ కాలేజీలో. ఎప్పుడు అంటే, మూడు వారాలైందన్నాడు. మూడు వారాలుగా పాత స్నేహితులు తప్పించుకుని తిరుగుతున్నారట, మధ్యాహ్నం డబ్బా ఒక్కడే తింటున్నాడట. నేను తుడుస్తూనే ఉన్నాను. నా మొహం చూస్తే ఆపేస్తాడని భయం. పెద్ద గిన్నె ఇంకోసారి తోమించాను, మాట తెగకుండా.

ఏటా ఇంటర్ ఫలితాల మర్నాడు పేపరు తెరవాలంటే మనందరికీ గుండె దడే. ‘ఇంట్లో ఎవరితోనూ ఏమీ చెప్పలేదు’ అని ఆ తల్లులు అన్నమాట చదివినప్పుడల్లా నాకు ఆ సింకు గుర్తొస్తుంది. మా ఆడపడుచు అడిగిన ఆ ఇరవై నిమిషాల కెమిస్ట్రీకి నేను ఆ రాత్రిని మార్చుకోను.

‘నేను చేసుకుంటే పది నిమిషాల్లో అయిపోతుందండీ, వాళ్ళతో చేయిస్తే అరగంట’ అని చాలామంది అంటారు. నిజమే. చిక్కుడుకాయలకు నేనొక్కదాన్నే ఈనెలు తీస్తే పావుగంట. ఆదివారం హాల్లో పేపరు పరిచి అందరం కూర్చుంటే ముప్పావుగంట, పైగా సగం గింజలు సోఫా కిందకు పోతాయి. కానీ మనం వెతుక్కుంటున్న కుటుంబ సమయం ఆ ముప్పావుగంటే కదా! దానికోసం రిసార్టులు బుక్ చేసుకుని, అక్కడికి వెళ్ళి నలుగురూ నాలుగు ఫోన్లు చూసుకునే కుటుంబాలను చూస్తున్నాను. గోంగూర దూసే చేతికి ఫోను పట్టుకోవడం కుదరదు. మా అత్తయ్యగారు తన చిన్నప్పుడు బందరు కాలవలో పడవల గురించి చెప్పింది ఆ గోంగూర దగ్గరే. ‘మీరు విశ్రాంతి తీసుకోండి అత్తయ్యా’ అని పెద్దవాళ్ళను గదిలో కూర్చోబెట్టడం మర్యాదే కావచ్చు. కానీ చేతిలో పని లేని మనిషిని మాటల్లోంచి కూడా మెల్లగా తప్పించేస్తాం.

అలాగని ఇంటిపని అంతా ఆనందం, అనుబంధం అని నేను పాట పాడను. బాత్రూం కడగడంలో అనుబంధం ఏమీ లేదు. అందుకే దానికి వంతులు, క్యాలెండరు మీద పేర్లు రాసి ఉంటాయి. ఆఫీసు నుంచి ఏడింటికి వచ్చి మళ్ళీ పొయ్యి వెలిగించే అమ్మలకు, పిల్లలతో ఒంటరిగా నెగ్గుకొస్తున్న వాళ్ళకు నా ఆదివారం చిక్కుడుకాయల కబురు వెటకారంలా అనిపించవచ్చు. నిజానికి గుర్తుపెట్టుకునే బరువు ఎక్కువగా మోసేది వాళ్ళే. ఒక్క పని, చిన్నదైనా సరే, మూలాలతో సహా ఇంకొకరి బుర్రలోకి మార్చగలిగితే ముందు మార్చాల్సింది వాళ్ళ ఇళ్ళలోనే.

మా అమ్మాయి గురించి కూడా ఒకమాట. ఏడో తరగతి. ఆడపిల్ల కనక పని తనంతట తానే దాని వైపు జారుతుంది. పిలిచేటప్పుడే నోట్లోంచి ముందు దాని పేరు వస్తుంది. అందుకే దానికి వంటింటి పని పెట్టలేదు. గ్యాస్ బుక్ చెయ్యడం, కరెంటు బిల్లు కట్టే తేదీ చూసుకోవడం, తడి చెత్త పొడి చెత్త వేరుచేసి మున్సిపాలిటీ బండికి అందివ్వడం దానివి. పోయిన నెల బిల్లు ఎందుకు పెరిగిందని వాళ్ళన్నయ్య గదిలో ఏసీ మీద విచారణ జరిపింది.

అత్తయ్యగారు మనవడు తోముతున్నంతసేపూ అటు తిరిగి కూర్చునేవారు. ఈమధ్య ఒక రాత్రి పాలగిన్నె అడుగంటింది. వాడు పీచుతో అరిగేలా రుద్దుతుంటే ఆవిడే లేచి వచ్చి, ‘అలా కాదురా నాయనా, నీళ్ళు పోసి కాసేపు మరగనియ్యి, అదే వదులుతుంది’ అన్నారు. తర్వాత మళ్ళీ వెళ్ళి అటే తిరిగి కూర్చున్నారు.

వచ్చే ఏడు వాడు హాస్టలుకు వెళ్ళిపోతే రాత్రి సింకు ఎవరిదన్న చర్చ మా ఇంట్లో అప్పుడే మొదలైంది. అమ్మాయి వాళ్ళ నాన్న పేరు చెబుతోంది. తనకు పిండి ఉందని ఆయన వాదన. నిన్న చూస్తే ఫోన్‌లో డిష్‌వాషర్ల ధరలు వెతుకుతున్నారు.