అమెరికా కళాశాల ఫుట్‌బాల్ వాచ్ లిస్టులు

అమెరికా సంయుక్త రాష్ట్రాలలో విశ్వవిద్యాలయాల జట్ల మధ్య జరిగే ఫుట్‌బాల్ పోటీలకు ప్రతి ఏటా అనేక వ్యక్తిగత పురస్కారాలు ఇస్తారు. సీజన్ మొదలు కాకముందే, ఆ పురస్కారాలకు పరిశీలించదగిన ఆటగాళ్ళుగా ఆయా సంస్థలు ప్రకటించే పేర్ల పట్టికలను వాచ్ లిస్టులు అంటారు. ఇవి సాధారణంగా జూలై, ఆగస్టు నెలలలో వెలువడతాయి. పురస్కారాలు డిసెంబరులో ప్రకటిస్తారు. ఇక్కడ ఫుట్‌బాల్ అంటే భారతదేశంలో ఆ పేరుతో పిలిచే ఆట కాదు. కోలాకారపు బంతిని చేతితో విసురుతూ, పట్టుకొని పరుగెత్తుతూ ఆడే అమెరికన్ ఫుట్‌బాల్.

వాచ్ లిస్టులో పేరు ఉన్నంత మాత్రాన పురస్కారం రాదు, లేనంత మాత్రాన రాకుండా పోదు. అయినప్పటికీ వేసవిలో ఈ జాబితాలకు పత్రికలు, విశ్వవిద్యాలయాలు ఎంతో ప్రాముఖ్యం ఇస్తాయి. ఇవి ఎవరు గెలుస్తారో చెప్పే జోస్యాలుగా పెద్దగా ఉపయోగపడవు. ఎవరి ఆటను గమనించాలో మాత్రం ముందుగానే సూచిస్తాయి. 2021 తరువాత కళాశాల క్రీడాకారులకు ఆదాయ మార్గాలు తెరుచుకోవడంతో ఈ సూచనకు ధన రూపంలో కూడా విలువ ఏర్పడింది.

నేపథ్యం

కళాశాల ఫుట్‌బాల్ పురస్కారాలలో అత్యంత ప్రసిద్ధమైనది హైస్మన్ ట్రోఫీ. 1935లో న్యూయార్క్ నగరంలోని డౌన్‌టౌన్ అథ్లెటిక్ క్లబ్ దీనిని మొదటిసారిగా షికాగో విశ్వవిద్యాలయ ఆటగాడు జే బెర్వాంగర్‌కు బహూకరించింది. ఆ క్లబ్ క్రీడా సంచాలకుడు జాన్ హైస్మన్ 1936లో మరణించిన పిదప ట్రోఫీకి ఆయన పేరు పెట్టారు. ఫిలడెల్ఫియాకు చెందిన మాక్స్‌వెల్ ఫుట్‌బాల్ క్లబ్ 1937 నుండి మాక్స్‌వెల్ పురస్కారం ఇస్తున్నది.

ఈ ఆటలో ఒక్కొక్క పక్షాన మైదానంలో 11 మంది ఉంటారు. వారి విధులు ఒకరివి ఒకరికి పోలిక లేనంత వేరుగా ఉంటాయి. బంతి విసిరే క్వార్టర్‌బ్యాక్, బంతితో పరుగెత్తే రన్నింగ్ బ్యాక్ ప్రేక్షకుల దృష్టిని సులభంగా ఆకర్షిస్తారు. ప్రత్యర్థులను అడ్డుకొని వారికి దారి చేసే లైన్‌మెన్ చాలామందికి కనిపించరు. హైస్మన్ విజేతలలో అత్యధికులు మొదటి రెండు స్థానాలకు చెందినవారే. 1991లో డెస్మండ్ హోవర్డ్ తరువాత బంతిని అందుకునే రిసీవర్ ఒకరు ఈ ట్రోఫీని గెలవడానికి 2020 వరకు, అంటే డెవాంటా స్మిత్ వరకు ఆగవలసి వచ్చింది. ఈ అసమానత కారణంగా ఒక్కొక్క స్థానానికి ప్రత్యేక పురస్కారాలు క్రమంగా ఏర్పడినవి. వాటిలో ముఖ్యమైనవి:

• ఔట్‌లాండ్ ట్రోఫీ (1946) – లైన్‌మెన్
• డేవీ ఓబ్రయన్ పురస్కారం (1981) – క్వార్టర్‌బ్యాక్
• బట్కస్ పురస్కారం (1985) – లైన్‌బ్యాకర్
• జిమ్ థోర్ప్ పురస్కారం (1986) – డిఫెన్సివ్ బ్యాక్
• డోక్ వాకర్ పురస్కారం (1990) – రన్నింగ్ బ్యాక్
• లూ గ్రోజా పురస్కారం (1992) – ప్లేస్ కికర్
• బిలెట్నికాఫ్ పురస్కారం (1994) – రిసీవర్
• జాన్ మ్యాకీ పురస్కారం (2000) – టైట్ ఎండ్
• రిమింగ్టన్ ట్రోఫీ (2000) – సెంటర్
• రే గై పురస్కారం (2000) – పంటర్

వీటిని ఇచ్చే సంస్థలు దేశంలోని వేర్వేరు నగరాలలో ఉన్నాయి. ఇటువంటి సంస్థల మధ్య సమన్వయం కోసం 1997లో నేషనల్ కాలేజ్ ఫుట్‌బాల్ అవార్డ్స్ అసోసియేషన్ ఏర్పడింది. జాబితాలన్నీ ఒకే రోజున రాకుండా, రోజుకు కొన్ని చొప్పున వెలువడేటట్లు ఈ సంఘం ఏర్పాటు చేస్తుంది. హైస్మన్ ట్రోఫీకి మాత్రం అధికారికమైన ముందస్తు జాబితా లేదు. దాని విషయంలో పత్రికల ఊహలు, పందెం సంస్థల అంచనాలు ఆ స్థానాన్ని భర్తీ చేస్తాయి.

జాబితా తయారయ్యే విధానం

ప్రతి విశ్వవిద్యాలయంలోను క్రీడా సమాచార విభాగం ఉంటుంది. సాధారణంగా ఆ విభాగం తమ జట్టు నుండి అర్హులైన ఆటగాళ్ళ పేర్లు పంపుతుంది. పురస్కార సంస్థ వాటిని గత సంవత్సరపు గణాంకాలతోను, గత గౌరవాలతోను సరిచూసి జాబితా ఖరారు చేస్తుంది. జాబితాల పరిమాణం ఒక్కొక్క పురస్కారానికి ఒక్కొక్క విధంగా ఉంటుంది. డిక్ బట్కస్ ధరించిన చొక్కా సంఖ్య 51 కావడం వలన బట్కస్ పురస్కారం జాబితాలో 51 పేర్లు చేర్చడం ఆనవాయితీ. సీజన్ జరుగుతుండగా కొత్త పేర్లు చేర్చే వీలు చాలా పురస్కారాలకు ఉంది. తరువాత నవంబరులో సెమీఫైనలిస్టులను, ఆపై ఫైనలిస్టులను ఎంపిక చేస్తారు.

ఇటువంటి వడపోత అవసరం కావడానికి కారణం ఈ పోటీల విస్తృతి. కళాశాల ఫుట్‌బాల్ అత్యున్నత శ్రేణిలో 2025 నాటికి 136 జట్లున్నాయి. ఒక్కొక్క జట్టులో సుమారు వంద మంది ఆటగాళ్ళుంటారు. జట్టుకు సాధారణంగా 12 ఆటలు, వాటిలో ఎక్కువ భాగం శనివారాలలోనే జరుగుతాయి. ఒకే రోజున పదుల సంఖ్యలో జరిగే ఆటలన్నింటినీ చూడడం ఏ ఓటరుకూ సాధ్యం కాదు. అందువలన ఎవరిని చూడాలన్న ప్రశ్నకు వేసవిలో ఇచ్చిన సమాధానం శరదృతువు వరకు ప్రభావం చూపే అవకాశం ఉంది.

ప్రచార సంప్రదాయం

ముందస్తుగా ఒక ఆటగాడి పేరును ఓటర్ల మనసులో నాటే ప్రయత్నం వాచ్ లిస్టుల కంటే పాతది. 1970లో నోటర్‌డామ్ విశ్వవిద్యాలయ క్వార్టర్‌బ్యాక్ జో థీస్మన్ ఇంటిపేరును, హైస్మన్‌తో ప్రాస కలిసే విధంగా, థైస్మన్ అని పలకడం మొదలుపెట్టారు. ఈ ఆలోచన విశ్వవిద్యాలయ ప్రచార విభాగానిది. ఆ ఏడాది ట్రోఫీ స్టాన్‌ఫర్డ్ ఆటగాడు జిమ్ ప్లంకెట్‌కు దక్కింది, థైస్మన్ రెండవ స్థానంలో నిలిచాడు. మారిన ఉచ్చారణ మాత్రం ఆయనకు శాశ్వతంగా మిగిలిపోయింది.

2001 సీజన్‌కు ముందు ఆరెగాన్ విశ్వవిద్యాలయ క్వార్టర్‌బ్యాక్ జోయీ హారింగ్టన్ కోసం న్యూయార్క్ నగరంలో ఒక భారీ ప్రకటన ఫలకం ఏర్పాటు చేశారు. దీనికి సుమారు 2.5 లక్షల డాలర్లు ఖర్చయింది. ఆ జట్టు దేశానికి పశ్చిమ తీరాన ఉండగా, ఫలకం తూర్పు తీరాన వెలిసింది. హారింగ్టన్ హైస్మన్ ఓటింగులో నాలుగవ స్థానం పొందాడు. ఇంత ఖర్చు భరించలేని విశ్వవిద్యాలయాలకు వాచ్ లిస్టు దాదాపు ఉచితంగా లభించే ప్రచార సాధనం.

అంచనాలు, ఫలితాలు

వేసవి అంచనాలు డిసెంబరుకు తారుమారు కావడం కొత్త విషయం కాదు. కొన్ని ప్రముఖ ఉదాహరణలు ఈ క్రింద ఉన్నాయి.

2012 జూలైలో జానీ మాన్‌జెల్ టెక్సాస్ ఏ అండ్ ఎం జట్టు ప్రధాన క్వార్టర్‌బ్యాక్‌గా కూడా ఇంకా ఎంపిక కాలేదు. ఆగస్టులో ఆ స్థానం దక్కించుకున్న అతడు, నవంబరులో అప్పటి మొదటి ర్యాంకు జట్టు అలబామాను 29-24 తేడాతో ఓడించడంలో ముఖ్య పాత్ర వహించాడు. డిసెంబరులో హైస్మన్ ట్రోఫీ గెలిచిన తొలి ఫ్రెష్‌మన్ అయినాడు. డేవీ ఓబ్రయన్ పురస్కారం కూడా అతడికే లభించింది.

2019 సీజన్‌కు ముందు లూసియానా స్టేట్ విశ్వవిద్యాలయ ఆటగాడు జో బరో గెలుపుకు పందెం సంస్థలు 200కు 1 వరకు నిష్పత్తి ఇచ్చాయి. 2018లో అతడు విసిరిన టచ్‌డౌన్ పాసులు 16 మాత్రమే. 2019లో అవి 60కి చేరాయి. జట్టు 15 ఆటలూ గెలిచింది. బరో 1,846 పాయింట్ల ఆధిక్యంతో, అంతకు ముందెన్నడూ లేనంత తేడాతో హైస్మన్ గెలిచాడు.

ఇందుకు పూర్తిగా విరుద్ధమైన అనుభవం ఓక్లహోమా క్వార్టర్‌బ్యాక్ స్పెన్సర్ రాట్లర్‌ది. 2021 వేసవిలో హైస్మన్‌కు అతడే ముందున్నాడని పందెం సంస్థలు లెక్క కట్టాయి. అక్టోబరులో టెక్సాస్‌తో జరిగిన ఆట మధ్యలో అతడిని తప్పించి, ఫ్రెష్‌మన్ అయిన కేలెబ్ విలియమ్స్‌ను దింపారు. వెనుకబడి ఉన్న ఓక్లహోమా ఆ ఆటను 55-48తో గెలిచింది. రాట్లర్ తరువాతి ఏడాది సౌత్ కరొలైనా విశ్వవిద్యాలయానికి మారాడు. సదరన్ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి మారిన విలియమ్స్ 2022 హైస్మన్ ట్రోఫీ గెలిచాడు. 2025 వేసవిలో చర్చ అధికంగా టెక్సాస్ ఆటగాడు ఆర్చ్ మానింగ్ చుట్టూ తిరిగింది. ట్రోఫీ ఇండియానా విశ్వవిద్యాలయానికి చెందిన ఫెర్నాండో మెండోజాకు దక్కింది.

ఈ ఉదాహరణలన్నీ క్వార్టర్‌బ్యాక్‌లవి కావడం గమనించదగినది. వారు ఆడే ప్రతి ఆటా గణాంకాలుగా మారుతుంది, టెలివిజన్‌లో పదే పదే కనిపిస్తుంది. కనుక వేసవిలో జరిగిన పొరపాటు శరదృతువులో సరిదిద్దుకోబడుతుంది. లైన్‌మెన్ విషయంలో ఈ అవకాశం చాలా తక్కువ. ఒక అఫెన్సివ్ లైన్‌మన్ ఎంత బాగా ఆడాడో చెప్పే సర్వసాధారణమైన గణాంకం లేదు. అటువంటప్పుడు ఓటరు గత సంవత్సరపు పేరుప్రతిష్ఠల మీద, జట్టు విజయాల మీద, జాబితాలలో కనిపించిన పేర్ల మీద ఆధారపడే అవకాశం పెరుగుతుంది. అనగా వాచ్ లిస్టు ప్రభావం ప్రజలు తక్కువగా చర్చించే పురస్కారాలలోనే ఎక్కువగా ఉండవచ్చును.

2021 తరువాత మార్పులు

దశాబ్దాల పాటు కళాశాల క్రీడాకారులు ఔత్సాహికులుగానే పరిగణింపబడ్డారు. విద్యార్థి వేతనం మినహా తమ పేరు మీద సంపాదించడానికి వారికి అనుమతి లేదు. 2013లో మాన్‌జెల్ సంతకాలు చేసి డబ్బు తీసుకున్నాడన్న ఆరోపణ వచ్చింది. డబ్బు తీసుకున్నట్లు ఆధారాలు దొరకలేదు. అయినా నియమాల ఉల్లంఘన పేరిట అతడిని ఒక ఆటలో సగభాగం దూరంగా ఉంచారు.

2021 జూలై 1 నుండి ఈ పరిస్థితి మారింది. జాతీయ కళాశాల క్రీడా సంఘం తన నియమాలను సడలించడంతో, ఆటగాళ్ళు తమ పేరు, రూపం వాణిజ్య ప్రకటనలకు ఇచ్చి ఆదాయం పొందడం మొదలయింది. 2025 జూన్‌లో న్యాయస్థానం ఆమోదించిన ఒక ఒప్పందం ప్రకారం, ఆ ఏడాది జూలై 1 నుండి విశ్వవిద్యాలయాలు క్రీడాకారులకు నేరుగా చెల్లింపులు చేయవచ్చును. మొదటి సంవత్సరానికి ఒక్కొక్క విద్యాసంస్థకు పరిమితి, అన్ని క్రీడలకు కలిపి, సుమారు 2.05 కోట్ల డాలర్లు. మరోవైపు 2018లో ప్రవేశపెట్టిన బదిలీ పోర్టల్, ఆ తరువాత సడలించిన నియమాల వలన ఒక విశ్వవిద్యాలయం నుండి మరొక దానికి మారడం సులభమయింది.

ఈ పరిస్థితులలో వాచ్ లిస్టులో పేరు ఆటగాడికి ఒక యోగ్యతాపత్రం వంటిది. ప్రకటనదారులకు, ఇతర జట్ల శిక్షకులకు అది సులభంగా అర్థమవుతుంది. దీని వలన చిన్న విశ్వవిద్యాలయాలకు ఒక చిక్కు ఏర్పడింది. తమ ఆటగాడి పేరును జాబితాకు పంపకపోతే అతడికి అన్యాయం జరుగుతుంది. పంపితే అతడి విలువను తామే సంపన్నమైన జట్లకు చాటినట్లవుతుంది. సీజన్ ముగిసిన తరువాత అతడు వెళ్ళిపోతే ఆపగల శక్తి వాటికి ఉండదు.

విమర్శలు, సమర్థన

వాచ్ లిస్టులపై ప్రధానమైన విమర్శ వాటి పొడవు. పేర్లు పెరిగే కొద్దీ గౌరవం పలుచబడుతుందని, ఇవి వార్తలు లేని వేసవిలో పత్రికలను నింపడానికి మాత్రమే పనికివస్తాయని విమర్శకులు అంటారు. గత సంవత్సరపు ప్రదర్శన ఆధారంగా పేర్లు చేర్చడం వలన కొత్తవారికి, అంతకు ముందు ప్రత్యామ్నాయ ఆటగాళ్ళుగా ఉన్నవారికి చోటు దొరకదన్నది రెండవ విమర్శ. మాన్‌జెల్ ఉదాహరణ దీనిని బలపరుస్తుంది.

అయితే పొడవైన జాబితా వలన ఒక ప్రయోజనం కూడా ఉంది. పది పేర్ల జాబితా వేస్తే అందులో ప్రసిద్ధ జట్ల ఆటగాళ్ళే మిగిలే ప్రమాదం ఉంది. ఎనభై పేర్లు ఉన్నప్పుడు టెలివిజన్‌లో అరుదుగా కనిపించే జట్లకు కూడా చోటు లభిస్తుంది. అటువంటి జట్ల నుండి విజేతలు రావడం అసాధ్యమేమీ కాదు. బిలెట్నికాఫ్ పురస్కారాన్ని 1997లో మార్షల్ విశ్వవిద్యాలయానికి చెందిన రాండీ మాస్, 1998లో లూసియానా టెక్‌కు చెందిన ట్రాయ్ ఎడ్వర్డ్స్ గెలుచుకున్నారు. 2017లో ఔట్‌లాండ్ ట్రోఫీ హ్యూస్టన్ విశ్వవిద్యాలయానికి చెందిన ఎడ్ ఆలివర్‌కు దక్కింది.

కాబట్టి జాబితా పొడవు కంటే, సీజన్ మధ్యలో దానిని ఎంత నిజాయితీగా సవరిస్తారన్నదే ముఖ్యమని చెప్పవచ్చును. గణాంకాలు మాట్లాడే స్థానాలలో ఈ సవరణ దానంతట అదే జరుగుతుంది. గణాంకాలు లేని స్థానాలలో మాత్రం ఎవరో ఒకరు ఆ ఆటగాడిని కూర్చొని చూడవలసి ఉంటుంది. జూలై జాబితాలో లేని లైన్‌మన్ నవంబరు జాబితాలో చేరగలడా లేదా అన్నది దాని మీదే ఆధారపడి ఉంది.