సాయంకాలపు వెలితి

పగలు వృత్తి, రాత్రి కుటుంబము. ఇంతతో జీవితము నిండినదని తలంచు విద్యావంతులు మన పట్టణములలో పెక్కుమంది కలరు. నిండినదే యైనచో, సాయంకాలమున వారిని పీడించు ఆ వెలితి యేమి?

సురవరము ప్రతాపరెడ్డిగారును మావలె న్యాయశాస్త్రము చదివినవారే. ఇప్పటి జోగుళాంబ గద్వాల జిల్లాలోని ఇటిక్యాలపాడు వారి స్వగ్రామము. 1926లో గోలకొండ పత్రికను స్థాపించి ఆ భారమును తలకెత్తుకొనిరి. తెలంగాణమున కవులు లేరని యొకరు వ్రాయగా, మాటలతో బదులు చెప్పి యూరకుండక, ఊరూర నుండి పద్యములు తెప్పించి 1934లో 354 మంది కవులతో గోలకొండ కవుల సంచికను వెలువరించిరి. వనపర్తి ప్రజలు వారిని శాసనసభకు పంపినది 1952లో. అది పిమ్మటి మాట.

ఆ సీమలో పని యింకను మిగిలియున్నది. 2011 జనాభా లెక్కలలో గద్వాల జిల్లా ప్రాంతమున అక్షరాస్యులు నూటికి ఏబదికి లోపలనే. వనపర్తి, నాగర్‌కర్నూలులును గర్వింపదగిన స్థితిలో లేవు. వేలిముద్ర వేసిన కాగితములో నేమున్నదో యెరుగక న్యాయస్థానమునకు వచ్చు రైతులను మేము చూచుచునే యున్నాము. అట్టివాడు తన పట్టా పుస్తకములోని పేరును తానే కూడబలుకుకొని చదివిననాడు నేర్పినవానికి కలుగు తృప్తి యే ఫీజులోను లేదు. దాతనని తలంచి వచ్చువాడు పదియవనాటికి మానివేయును. ఇది తన కక్కరయని వచ్చువాడు నిలుచును.

వారమునకు రెండు సాయంకాలములు, గ్రంథాలయపు అరుగు, ఒక నల్లబల్ల చాలును. (ఉపన్యాసకులు దయచేసి రావలదు, వారికి వేదికలు వేరుగా కలవు.) నాట్ల దినములలో రైతునకు తీరిక యుండదు, వానకారు పనులు ముగిసిన పిమ్మట మొదలిడుట మేలు.