చిక్కుడు పాదుకి చీమల కాపలా

రథసప్తమికి ఇంకా మూడు వారాలుంది. పెరట్లో చిక్కుడు పందిరి నిండా ఊదారంగు పూత. పొద్దున్నే నాలుగు కాయలు కోద్దామని చెయ్యి పెట్టిన కోడలు గబుక్కున వెనక్కి లాక్కుంది. మోచేతి దాకా చీమలు!

'అత్తయ్యా, పాదంతా చీమలు పట్టేశాయి. కొట్టు నుంచి చీమల మందు తెప్పించి చల్లేయనా?' అంది.

వాకిట్లో ముగ్గు ముగించుకుని వచ్చిన అత్తగారు ఒక్క క్షణం ఆగింది. 'చల్లితే చల్లొచ్చుగానీ అమ్మాయ్... రథసప్తమి నాడు ఆ ఆకుల్లోనే కదమ్మా పరమాన్నం పెట్టేది!'

అక్కడే వచ్చింది చిక్కు. కాయలతో సూర్యుడికి రథం కట్టి, ఆకుల్లో ప్రసాదం పెట్టుకు తినే పాదు మీద మందు చల్లడం ఎలా? చల్లకపోతే కాపు దక్కడం ఎలా? చలికాలంలో చిక్కుడు పెట్టిన ఇళ్లన్నిటా ఏటా ఉండే గొడవే ఇది.

నిజానికి చీమలు చిక్కుడు ఆకు తినవు, కాయా తినవు. మరెందుకొస్తాయంటారా? ఒక లేత చిగురు వంచి చూడండి. కాడ చుట్టూ, పిందెల మీదా నల్లగా, నూకల కన్నా చిన్నగా, కదలకుండా అతుక్కుని ఉంటాయి కొన్ని పురుగులు. అదే పేనుబంక. చెట్టు రసం పీల్చేది అది. పీల్చిన రసంలో తనకు అక్కర్లేని తీపినంతా బొట్లుబొట్లుగా వదిలేస్తుంది. చీమలు వచ్చేది ఆ తేనెబంక కోసమే. మీసాలతో పేనుబంకను మెల్లగా నిమిరి మరీ బొట్టు రాల్పించుకుంటాయి. మనం పాడి గేదెను చూసుకున్నట్టే!

పాడి ఉన్నచోట కాపలా కూడా ఉంటుంది. పేనుబంకను తినడానికి అక్షింతల పురుగులు వస్తే చీమలు మూకుమ్మడిగా మీదపడి తరిమేస్తాయి. అలా అడ్డు లేకుండా పోయేసరికి పేనుబంక రోజుల్లోనే రెట్టింపవుతుంది. మన వాతావరణంలో దానికి జత కూడా అక్కర్లేదు, నేరుగా పిల్లల్నే కంటుంది. వారం తిరిగేసరికి ఆ పిల్లలూ తల్లులవుతాయి. చిగుళ్లు ముడుచుకుపోతాయి, పూత రాలుతుంది, కారిన జిగురు మీద మసిలాంటి బూజు పేరుకుంటుంది. కాబట్టి చీమల బారు కనిపించిందంటే చీమల మీదకి కాదు, ఆ బారు చివర ఏముందో చూడ్డానికి వెళ్లాలి.

మొదటి మందు నీళ్లే. గొట్టం చివర వేలు అడ్డుపెట్టి, పొద్దున పూట చిగుళ్ల అడుగునుంచి జోరుగా కొట్టాలి. కిందపడ్డ పేనుబంకలో చాలావరకు మళ్లీ పైకెక్కలేక చస్తుంది. రోజు విడిచి రోజు మూడు నాలుగుసార్లు చేస్తే సగం భారం తగ్గుతుంది. నల్లగా కరడుగట్టిన చిగుళ్లను తుంచి సబ్బునీళ్ల బకెట్లో వేసేయాలి. ఆ తర్వాత వేపనూనె. నాలుగైదు కుంకుడుకాయల చిక్కటి రసంలో టీస్పూను (5 మి.లీ.) వేపనూనె పోసి, పాలలా తెల్లబడేదాకా గిలకొట్టి, లీటరు నీళ్లలో కలపాలి. కుంకుడు రసం లేకుండా కలిపితే నూనె పైకి తేలి, ఒక ఆకు మాడి ఇంకో ఆకుకు అందకుండా పోతుంది. బట్టల సబ్బుపొడి మాత్రం వద్దు, ఆకులు మాడతాయి. సాయంత్రం వేళ, ముందు రెండు మూడు ఆకుల మీద కొట్టి మర్నాడు చూసుకుని, అప్పుడు మిగతా పాదుకు కొట్టాలి. వారం తర్వాత ఇంకోసారి. వేప పడగానే పురుగు చచ్చిపడదు, తొందరపడి మోతాదు పెంచకూడదు.

ఇక చీమల దారి. చాలామంది ఇక్కడే ఓడిపోతారు. కాండం చుట్టూ అంగుళం వెడల్పున ప్లాస్టరు చుట్టి, దాని మీద ఆముదమో, గ్రీజో దట్టంగా రాస్తే చీమ దాటలేదు. (నేరుగా కాండానికి గ్రీజు పూస్తే బెరడు దెబ్బతింటుంది.) కానీ చిక్కుడుకు దారి ఒక్కటే అయితేనా! పందిరి గుంజలు నాలుగు, గోడ మేకుకు కట్టిన తాడు ఒకటి, పక్కింటి ప్రహరీ మీద వాలిన తీగ ఇంకొకటి. ఒక్క కొమ్మ గోడకు తగిలినా చీమలకు అదే వంతెన. అందుకే ముందు వాలిన తీగలన్నీ లోపలికి మళ్లించి, ప్రతి గుంజకీ, తాడుకీ పట్టీ వేయాలి. దుమ్ము పేరుకోగానే మళ్లీ రాయాలి. చీమల రాకపోకలు ఆగిన వారం పది రోజుల్లో అక్షింతల పురుగులు వాటంతటవే దిగుతాయి. వాటి పిల్లల్ని గుర్తుపెట్టుకోండి. నల్లగా, పొడుగ్గా, నారింజ మచ్చలతో బుల్లి మొసళ్లలా ఉంటాయి. పాపం, చాలా పెరళ్లలో వాటినే చెడ్డ పురుగులనుకుని నలిపేస్తారు! రెండు మడుల కొత్తిమీరను కోయకుండా పూతకు వదిలేస్తే ఇలాంటి మేలు చేసే పురుగులు ఇంకా వస్తాయి.

వంటింటి చిట్కాల మాటేమిటి? పొయ్యి బూడిద పొడిగా ఉన్నంతసేపే గీత, నీళ్లు పడితే అంతే. పసుపూ అంతే. బొంబాయి రవ్వ తిని చీమలు పొట్ట పగిలి చస్తాయన్నది ఉత్తమాట. పెద్ద చీమలు గట్టి పదార్థం మింగవు, ఇంటికి మోసుకెళ్లి పిల్లలకు పెట్టుకుంటాయి. అంటే రవ్వ పోస్తే విందే! వెలిగారం ఎర మాత్రం పనిచేస్తుంది. కప్పు నీళ్లలో ఎనిమిది చెంచాల పంచదార, అర చెంచా వెలిగారం కరిగించి, దూది ముంచి, మూతకు చిల్లులు పెట్టిన డబ్బాలో ఉంచాలి. చీమలు దాన్ని పుట్టలోకి మోసుకెళ్తాయి. కానీ అది మట్టిలో ఒలికితే మొక్కకు హాని, నోట్లో పెట్టుకుంటే పిల్లలకు ప్రమాదం. పసిపిల్లలున్న ఇంట్లో ఆ జోలికి పోకపోవడమే నయం.

కొట్లో దొరికే పొడుల సంగతికొస్తే... ఒకప్పుడు ఊరూరా వాడిన గమాక్సిన్, అంటే బి.హెచ్.సి.ని, మన దేశంలో 1997లోనే నిషేధించారు. ఇప్పుడొచ్చే చీమల చాక్‌పీసులు, పొడులు ఇంటి గచ్చు పగుళ్ల కోసం చేసినవి, తినే పంట మీద చల్లడానికి కావు. చల్లితే చీమలతోపాటు అక్షింతల పురుగులూ, పూల మీద వాలిన తేనెటీగలూ పోతాయి. మళ్లీ ముందుగా తేరుకునేది పేనుబంకే.

అన్ని చీమలూ ఒకటి కావు. అలసంద కాడల దగ్గర పేనుబంక లేకున్నా చీమలు తిరుగుతాయి. ఆ మొక్క పూలతో పనిలేకుండా కాడల్లోనే తేనె ఊరిస్తుంది. వాటిని వదిలేయొచ్చు, పచ్చపురుగుల్ని తింటాయి కూడా. బెండ మొగ్గల్ని కొరికే ఎర్రచీమలు వేరు, వాటి పుట్టను తవ్వి నీళ్లతో తడుపుతూ ఉంటే చోటు మారుస్తాయి. డాబా మీద కుండీలో చీమలు గూడు కట్టాయంటే మట్టి ఎండిపోయిందని అర్థం. కుండీని అరగంట నీళ్ల తొట్టిలో ఉంచితే ఖాళీ చేస్తాయి. పాతకాలపు గాదె కాళ్లకు పెట్టినట్టు కుండీ స్టాండు కాళ్ల కింద నీళ్ల పళ్లేలు పెట్టొచ్చు గానీ, రెండు రోజులకోసారి ఆ నీళ్లు మార్చాలి. లేదంటే చీమలు పోయి దోమలొస్తాయి.

ఒక్క జాగ్రత్త. వేపనూనె కొట్టడం పండగకు వారం ముందే ఆపేయండి. ఆ తర్వాత ఉత్త నీళ్లే. ఆకులు కోశాక రెండువైపులా బాగా కడగండి, లేదంటే పరమాన్నానికి వేపచేదు అంటుతుంది!