నడక మంచిదే, కానీ చాలదు

‘రోజూ నడుస్తున్నానండీ, అయినా షుగర్ దిగడం లేదు’. ఓపీలో మేం తరచూ వినే మాట ఇది. నడకలో పనంతా కాళ్లదే. చేతులు, భుజాలు, వీపు దాదాపు ఊరికే ఉంటాయి. భోజనం చేశాక రక్తంలో చేరే చక్కెరను ఎక్కువగా తీసుకునేది కండరాలే. పని చెప్పకపోతే వయసుతో పాటు అవి కరిగిపోతాయి. ఆ చోటులో కొవ్వు చేరుతుంది కాబట్టి బరువు చూస్తే ఏ తేడా తెలియదు.

వారానికి కనీసం 150 నిమిషాల నడకలాంటి వ్యాయామం, దాంతోపాటు 2 రోజులైనా ఒంట్లోని ప్రధాన కండరాలన్నిటికీ పని ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పింది. మనం మొదటి సగమే పట్టుకున్నాం.

దీనికి జిమ్ అక్కర్లేదు. చేతులు ఆనించకుండా కుర్చీలోంచి 10 సార్లు లేచి కూర్చోండి. గోడకు చేతులు ఆనించి 10 సార్లు ముందుకు వంగి వెనక్కి రండి. నిండు నీళ్ల సీసాలు రెండు చేతుల్లో పట్టుకుని పైకెత్తండి.

‘ఇంటిపని చాల్లే, నీకు వ్యాయామం ఎందుకు’ అని మాత్రం ఇంట్లో ఆడవాళ్లతో అనకండి. నెలసరి ఆగాక ఎముకలు గుల్లబారే ముప్పు వాళ్లకే ఎక్కువ. బీపీ ఉన్నవారు ఊపిరి బిగబట్టొద్దు. గుండె జబ్బుంటే మీ డాక్టర్‌ని అడిగాకే మొదలుపెట్టండి.