మదనపల్లె బాణీ

2017లో ఒక ఆదివారం, హైదరాబాదులో ఒక సినిమా హాలు. తెర మీద జెండా కనబడగానే అందరం లేచాం. నా ముందు వరుసలో ఒక పెద్దాయన లేవలేదు. పాప్‌కార్న్ పొట్లం ఒళ్లో పెట్టుకుని, తల వంచుకుని కూర్చున్నారు. వెనకనుంచి ఒక కుర్రాడు ‘‘లేవయ్యా, ఈ దేశం తిండే కదా తింటున్నావ్’’ అన్నాడు. జాతీయ గీతం అయ్యేదాకా ఆ కుర్రాడి చూపు ఆయన మెడ మీదే ఉంది. నా చూపూ అక్కడే ఉంది. పాపం, మోకాళ్ల నొప్పులేమో అని ఆయన తరఫున మనసులో సాకు వెతికానే గాని నోరు విప్పలేదు.

నువ్వు జాతీయవాదివా, వ్యక్తి స్వేచ్ఛ పక్షమా, విశ్వమానవుడివా అని ఎవరైనా నిలదీస్తే నాకు ఆ హాలే గుర్తొస్తుంది. మా పత్రికకు వచ్చే వ్యాసాల్లో ఈ మూడూ ఒకదానికొకటి పొసగని మూడు పార్టీల్లా ఉంటాయి. ఆ హాల్లో మోగిన పాట కథ మాత్రం వేరు.

1911 డిసెంబరులో కలకత్తా కాంగ్రెసు సభల్లో తొలిసారి వినబడిన ఆ పాట రాసిన ఠాగూరే, 1916లో జపాను వెళ్లి, జాతిని దేవతను చేసి కొలిస్తే అది మనిషినే మింగేస్తుందని ఉపన్యాసాలిచ్చారు. మొదట ఘనంగా స్వాగతించిన జపానువాళ్లే తర్వాత ముఖం చాటేశారు. 1919 ఫిబ్రవరిలో ఠాగూర్ మదనపల్లె దివ్యజ్ఞాన కళాశాలలో బస చేశారు. ప్రిన్సిపాల్ జేమ్స్ కజిన్స్, ఆయన భార్య మార్గరెట్ ఇద్దరూ ఐర్లండువాళ్లు. మార్గరెట్ సామాన్యురాలు కాదు. ఆడవాళ్లకు ఓటు కోసం లండన్‌లో కిటికీ అద్దాలు పగలగొట్టి జైలుకెళ్లిన మనిషి. ఒక సాయంత్రం ఠాగూర్ బెంగాలీలో పాడుతుంటే విద్యార్థులు చివరి జయజయధ్వానాన్ని అందుకున్నారట. ఆ పాటను ఆయన అక్కడే ఇంగ్లీషులోకి మార్చారు. మార్గరెట్ స్వరాలు రాసుకుంది. మనం ఇప్పుడు పాడే బాణీ అక్కడే కుదురుకుందని చెబుతారు.

ఆ తర్వాత రెండు నెలలు తిరక్కుండానే జలియన్‌వాలాబాగ్. జాతి పూజ వద్దన్న ఆ కవే మే నెలాఖరున వైస్రాయికి ఉత్తరం రాసి ‘సర్’ బిరుదు వదిలేసుకున్నారు. తన వాళ్ల మీద తూటాలు పేలినప్పుడు ఆయనకు దేశం గుర్తుచేయాల్సిన అవసరం ఎవరికీ రాలేదు.

అయినా ఠాగూర్‌తో నాకొక పేచీ ఉంది. 1921లో ఆయన సహాయ నిరాకరణను తప్పుపడితే, ఆకలితో ఉన్నవాడికి ముందు పని కావాలని గాంధీ జవాబిచ్చారు. ఆ మాట నాకు సబబుగానే తోస్తుంది. ఆ ఏడే చీరాల, పేరాల జనం మున్సిపాలిటీ పన్ను కట్టబోమని, దుగ్గిరాల గోపాలకృష్ణయ్య మాట మీద ఇళ్లు వదిలి ఊరవతల రామనగర్‌లో పాకలు వేసుకున్నారు. నెలల తరబడి అక్కడే ఉన్నారు. ఎవరికి వారే అయితే ప్రతి గడప దగ్గరా పన్ను వసూలయ్యేది. ‘మనం’ అన్న మాట లేకపోతే ఆ ఎండల్లో పాకల్లో ఎవరుంటారు? దాన్ని కూడా పూజ అని తీసిపారేస్తే నేనొప్పుకోను.

ఇక విశ్వమానవుడు. ప్రపంచమంతా నా ఇల్లే అనే మనవాళ్లు చాలామంది వీసా స్టాంపింగ్ తేదీ కోసం అర్ధరాత్రి లేచి కంప్యూటర్ ముందు కూర్చునేవాళ్లే. దేశం పోగొట్టుకున్న శరణార్థికి దేశమిచ్చే కాగితం విలువ మనకన్నా బాగా తెలుసు.

మరి వ్యక్తి స్వేచ్ఛ? 1985లో కేరళలో ఒక బడి. ముగ్గురు తోబుట్టువులు, యెహోవా సాక్షుల కుటుంబం. ప్రార్థన వేళ గీతం మొదలైతే లేచి నిలబడేవాళ్లు, పాడేవాళ్లు కాదు. తమ మతం ఒప్పుకోదని వాళ్ల నమ్మకం. ఒక శాసనసభ్యుడి కంట్లో పడింది, అసెంబ్లీలో ప్రశ్న అయింది, విచారణ సంఘం వచ్చింది. పిల్లలు బుద్ధిమంతులేనని, గీతాన్ని అవమానించలేదని ఆ సంఘమే చెప్పింది. అయినా బడినుంచి తీసేశారు. హైకోర్టులోనూ ఓడిపోయారు. 1986 ఆగస్టులో సుప్రీంకోర్టు వాళ్లను మళ్లీ బడిలో చేర్చుకోమంది. లేచి నిలబడటమే గౌరవమని, పాడి తీరాలని ఏ చట్టమూ లేదని ఆ తీర్పు రాసింది అంతకుముందు ఆంధ్రప్రదేశ్ హైకోర్టులో పనిచేసిన జస్టిస్ ఓ. చిన్నపరెడ్డి.

ఆ ముగ్గురినీ కాపాడింది భారత రాజ్యాంగం. వాళ్లు ఐక్యరాజ్యసమితి తలుపు తట్టి ఉంటే ఏం దొరికేది? ఒక బడీ ఒక అసెంబ్లీ ఒకవైపు, ముగ్గురు పిల్లలు ఒకవైపు ఉన్నప్పుడు, పిల్లల మాట విని తీర్పిచ్చే కోర్టు ఉంది కాబట్టే ఈ దేశం నాకు ముద్దు. నా జాతీయవాదం అంతవరకే.

అయితే ఆ పిల్లలు నిలబడ్డారు, మా హాల్లో పెద్దాయన లేవలేదు. ఆ తీర్పు ఆయనకు అక్షరాలా వర్తించకపోవచ్చు. ఆయనకు మోకాళ్ల నొప్పులు లేకపోతే నేనేమనేవాణ్ణో నాకే తేలలేదు. హాళ్లలో గీతం తప్పనిసరి అన్న 2016 నాటి ఆదేశాన్ని 2018 జనవరిలో సుప్రీంకోర్టే సడలించింది కాబట్టి ఆ చిక్కు ఇప్పుడు తరచుగా రాదు. ఈసారి ఎక్కడైనా గీతం మొదలైతే నేను జెండా వంకే చూస్తాను. మీరూ అటే చూడండి.